నాన్న చూసిన తెలుపు

కుడి కంటికి ఆపరేషన్ అయి, కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే డాబా మీదికి వెళ్ళాను. తలెత్తి ఆకాశం చూసి అలాగే నిలబడిపోయాను. ఈ ఉక్కు కార్ఖానా ఊరి శివారు పర్సుడీహ్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, ఇంత నీలాన్ని చూసిన గుర్తు లేదు. డాక్టరు నా కంట్లో పెట్టిన కొత్త అద్దానికి రంగేమైనా పూశాడేమోనని అనుమానం కూడా వచ్చింది. అరచేత్తో కుడి కన్ను మూసి, ఇంకా ఆపరేషన్ కాని ఎడమ కంటితో చూశాను. అదే ఆకాశం, అదే చోటు, నీలం మాత్రం మాయం. పాలు తాగేసిన గ్లాసు కడిగితే వచ్చే నీళ్ళ రంగు ఉంది. మళ్ళీ చెయ్యి మార్చాను, నీలం. ఇటు మార్చాను, పాల నీళ్ళు. చిన్నపిల్లలా ఈ ఆట ఆడుతుంటే కింద నుంచి కోడలు, "అత్తయ్యా, చష్మా లగాకే జాయియే నా" అని అరిచింది. మా కోడలిది తెలుగే, కోపం వస్తే మాత్రం హిందీ.

నల్లద్దాలు పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను గానీ మనసు అక్కడ లేదు. ఇదే ఊళ్ళో బర్మామైన్స్‌ పేటలో మా పాత ఇంటికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఒక ఏడాది మా అమ్మకీ నాన్నకీ గొడవ వచ్చింది. బట్టలు తెల్లగా ఉన్నాయా లేవా అన్నదే గొడవ. చెబితే నవ్వుతారు. ఆ గొడవ తీరకుండానే అమ్మ పోయింది. అది ఎందుకు వచ్చిందో ఇన్నేళ్ళకి, డాబా మీద ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిస్తే నాకు అర్థమైంది. చెప్పడానికి ఇద్దరూ లేరు.

రైలు పట్టాలకి ఈవల, వరసగా ఒకే గోడ పంచుకునే లైను ఇళ్ళు మావి. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజేసి, పొగంతా పోయి నిప్పు ఎర్రబడ్డాక లోపలికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆ పొగ, కార్ఖానా పొగ, రైలింజను పొగ కలిసి ఒక వాసన ఉండేది. దాని మీద మా ఇంట్లో ఎండు నెత్తళ్ళ వేపుడు, పక్కింట్లో ఆవనూనె, ఎవరిదో మాడిన రొట్టె. సెలవులకి శ్రీకాకుళం వైపు మా ఊరు వెళితే అక్కడి గాలికి వాసనే లేదని నేనూ తమ్ముడూ దిగులు పడేవాళ్ళం.

నాన్న ఉక్కు కరిగించే ఫర్నేస్ మీద పని చేసేవాడు. ఆయన టోపీకి ముందు భాగాన రేకు చట్రంలో ఒక నీలం అద్దం ఉండేది. లోపల ఉడికే ఉక్కును వట్టి కళ్ళతో చూడకూడదు, ఆ అద్దం దించుకుని చూడాలి. కానీ ఫర్నేస్ మీద పాతబడ్డవాళ్ళు దాన్ని దించుకునేది తక్కువ. వట్టి కంటితో చూసి ఉక్కు ఉడికిందో లేదో చెప్పడం వాళ్ళకో గొప్ప. నాన్నకీ ఆ గొప్ప ఉండేది. అందుకే ఆ టోపీ ఎక్కువగా నా నెత్తి మీదే ఉండేది. అది పెట్టుకుని నీలం అమ్మను, నీలం తమ్ముణ్ణి, నీలం అన్నం చూస్తూ ఇల్లంతా తిరిగేదాన్ని.

అప్పుడే ఒకసారి అడిగాను, ఆకాశం నీలంగా ఎందుకుంటుందని.

నాన్న సైకిలు గొలుసుకి నూనె వేస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు. "దేవుడు కూడా సూరీడి కాడ డ్యూటీ సేత్తన్నాడు కదే అమ్మీ. మరాయనకి నీలం అద్దం ఉండొద్దేటి? ఆయన దించుకున్న అద్దం మనకి కిందనుంచి అగుపడతాది. అదే ఆకాసం" అన్నాడు.

ఆ జవాబు నాకు ఎంత నచ్చిందంటే లైనులో పిల్లలందరికీ చెప్పాను. సాయంత్రం కార్ఖానా అవతల, ఉక్కు తీశాక మిగిలిన మండే మడ్డి పారబోసినప్పుడు ఆకాశం సగం ఎర్రగా వెలిగేది. దేవుడు అద్దం పైకెత్తి బీడీ ముట్టించుకుంటున్నాడని నేను దానికి ఇంకో ముక్క కలిపాను.

ఇక అమ్మ సంగతి. మా లైనులో అమ్మ ఉతుకంటే పేరు. మసి రాలే ఊరిలో అందరి బట్టలూ ఏదో ఒకనాటికి బూడిద రంగుకి వచ్చేవి, మావి రావు. సోడా వేసి ఉడకబెట్టి, రాతి మీద బాది, గంజి పెట్టి, చివరిగా నీలిమందు పెట్టేది. పొడిని చిన్న గుడ్డలో మూట కట్టి బకెట్ నీళ్ళల్లో తిప్పుతుంటే నీలం తీగలు తీగలుగా దిగేది. ఆ మూట తిప్పడం నా హక్కు. ఆరేయడానికి కూడా ఆవిడకో లెక్క ఉంది. పొగ ఎటు పోతోందో చూసి, గాలి అవతలి జుగ్సలాయి పేట వైపు మళ్ళాక గానీ తాడు మీద బట్ట వేసేది కాదు.

మిగిలిన నీలం నీళ్ళతో నేనూ తమ్ముడూ చెయ్యని పని లేదు. ఎదురింట్లో బరంపురం వైపు నుంచి వచ్చిన అత్త ఉండేది. ఒడియా వాళ్ళు ఆడవాళ్ళని పిలిచినట్టు ప్రతి మాటా "ఆలో" అని మొదలుపెట్టేది. ఆవిడ తెల్ల కోడిపెట్టను ఒకనాడు ఆ బకెట్‌లో ముంచాం. అత్త దాన్ని చంకన పెట్టుకుని వచ్చి, "ఆలో వదినా, సూడు మీ పిల్లలు. నా కోడిని కృష్ణుణ్ణి సేసీసినారు" అంది. అమ్మ మమ్మల్ని కొట్టబోయి, కోడిని చూసి నవ్వాపుకోలేక చీర చెంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ అలా నవ్వడం నాకు బాగా గుర్తున్న చివరిసారి అదే కావచ్చు.

ఆ ఏడాది వానాకాలంలోనే నాన్న ఆ గొడవ మొదలుపెట్టాడు. డ్యూటీకి తయారవుతూ బనీను చేతిలోకి తీసుకుని, "ఇదేటే, ఇంత పసుపుగా ఉన్నాది? పెట్టకుండా వదిలీసేవేటి నీలిమందు?" అన్నాడు.

"పెట్టేను. ఎప్పుడు పెట్టలేదని?" అంది అమ్మ.

"మరి ఇలాగుందేటి?"

అమ్మ బనీను తీసుకుని గుమ్మంలో వెలుతురుకి పట్టుకుని చూసింది. తిరిగి ఇచ్చేసింది.

మర్నాడు పంచె. ఆ తర్వాత దుప్పటి. అమ్మ సబ్బు మార్చింది. వీధి కుళాయి నీళ్ళు మానేసి, దూరం నుంచి బావి నీళ్ళు మోసుకొచ్చి ఉతికింది. అయినా నాన్నకి పసుపే. ఇంట్లో బల్బు కూడా మసగ్గా ఉందని కొత్తది తెచ్చి పెట్టాడు, అదీ బాగోలేదన్నాడు. మేమంతా ఏదడిగినా పొగ మీదికి తోసేసేవాళ్ళం. మా ఊళ్ళో అన్ని తప్పులకీ పొగే బాధ్యత వహించేది. గోడలు పసుపైనా పొగే, తమ్ముడికి మార్కులు తగ్గినా పొగే. నాన్న కంటికి బట్టలు పసుపుగా కనిపిస్తే, ఆ కంటికేమైందని అడగాలని ఎవరికి తోస్తుంది?

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో మా సైన్సు మాస్టారు, బెంగాలీ ఆయన, క్లాసులో కిటికీలోంచి చెయ్యి చూపించి, ఆసమాన్ నీలా క్యోఁ హోతా హై అని అడిగాడు. ఎవరికీ తెలీదు. ఇంట్లో అడిగి రమ్మన్నాడు. నాకు జవాబు తెలుసు గానీ, దేవుడి అద్దం సంగతి ఆ మాస్టారుకి చెప్పేంత చిన్నదాన్ని కాదప్పటికి. ఇంటికొచ్చి నాన్నను మళ్ళీ అడిగాను.

నాన్న తలెత్తి చాలాసేపు చూశాడు. వాన కడిగేసిన రోజది. తాడు మీద అమ్మ బట్టలు, వాటి పైన ఎక్కడా మబ్బు తునక లేని ఆకాశం.

"నీలమెక్కడే? తెల్లగా ఉన్నాది కదేటి" అన్నాడు.

"మరి దేవుడి అద్దం?"

"పగిలిపోనాదేమో. కొత్తది శాంక్షన్ అవ్వాల."

తమ్ముడు నవ్వాడు, నేనూ నవ్వాను. నాన్న కూడా నవ్వాడు. మా నాన్న ఏది వేళాకోళానికి అంటాడో ఏది నిజంగా అంటాడో కనిపెట్టడం ఎప్పుడూ కష్టమే. ఆ రోజు ఆయన నిజంగానే అన్నాడు.

మర్నాడు మాస్టారు కిటికీలు మూయించి, గాజు గ్లాసులో నీళ్ళు పోసి, నాలుగు చుక్కల పాలు కలిపి, ఒక పక్క నుంచి టార్చి వేశాడు. గ్లాసును పక్క నుంచి చూస్తే నీళ్ళు లేత నీలంగా కనిపించాయి. టార్చికి ఎదురుగా నిలబడి చూస్తే వెలుతురు పసుపుగా ఉంది. సూర్యుడి వెలుతురులో అన్ని రంగులూ ఉంటాయి, గాలిలో మన కంటికి ఆనని అణువులు తగిలి ఎక్కువగా చెదిరేది నీలం, అది ఆకాశమంతా చిమ్ముకుని అన్ని వైపుల నుంచీ మనకి చేరుతుంది, అందుకే ఆకాశం నీలం అని చెప్పాడు. నీలాన్ని దారిలో పోగొట్టుకుని నేరుగా వచ్చిన వెలుతురుకి పసుపే మిగులుతుందట. పొద్దు వాలేటప్పుడు సూర్యుడు ఎర్రబడేది కూడా అందుకేనట. నాకు దేవుడి అద్దం కంటే ఇది తక్కువేమీ అనిపించలేదు.

ఇంట్లో అదే చేసి చూపించాను. నాన్న చాలా శ్రద్ధగా పక్క నుంచి చూశాడు, ఎదురుగా చూశాడు. "రెండేపులా ఒకలాగే ఉన్నాదే" అన్నాడు. అమ్మ, "పాలు పారబోసి ఆకాసం సూపిత్తంది మీ కూతురు" అని గ్లాసు లాక్కుపోయి టీలో పోసేసింది. పాల నీళ్ళలోంచి వెలుతురు ఎలా వస్తుందో తెలుసుకున్న నేను, మా నాన్న కళ్ళలోకి పాలు చేరుతున్నాయని తెలుసుకోలేకపోయాను. ఆ వయసులో తెలిసే మార్గం కూడా లేదు.

విశ్వకర్మ పూజ వచ్చింది. కార్ఖానాల ఊరికి అంతకన్నా పండగ లేదు. కార్ఖానాలో ప్రతి పనిషెడ్డులో విగ్రహం పెడతారు, ఆ రోజు ఇంటివాళ్ళని లోపలికి రానిస్తారు. నాన్న మనుషులందరి ముందూ తెల్ల చొక్కా వేసుకునే రోజు. ముందు రోజు మధ్యాహ్నం అమ్మ ఉతికి మడత పెట్టిన చొక్కా చూసి, "పూజకి కూడా ఇదేనేటి? ఇయ్యి, నానే సేసుకుంటాను" అన్నాడు.

అమ్మ బకెట్ ముందుకి తోసేసి లోపలికి వెళ్ళిపోయింది. నాన్న పెరట్లో గొంతుక్కూర్చుని మూట తిప్పాడు, చొక్కా ముంచాడు, ఎత్తి చూశాడు. ఇంకా పసుపే అన్నాడు. ఇంకొంచెం పొడి వేశాడు. ముంచాడు, ఎత్తాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన మొహంలో కోపం లేదు, ఏదో పని సరిగ్గా రావడం లేదన్న పట్టుదల మాత్రం ఉంది. చివరికి, "ఆఁ, ఇప్పుడు తెల్లబడ్డాది" అని తృప్తిగా తాడు మీద వేశాడు.

పొద్దున్న ఆరిన చొక్కా ఆకాశం రంగులో ఉంది. మెడ దగ్గర, చంకల దగ్గర ఇంకా చిక్కగా. నాన్న దాన్ని వేసుకుని, తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుని, గుమ్మంలో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. ఎదురింటి అత్త చూసి, "ఆలో వదినా, అన్నయ్యకి కొత్త సొక్కా కుట్టించేవేటి? రంగు బాగున్నాది" అంది. నాన్న, "కొత్తదేటమ్మా, పాతదే, నానే ఉతికేను" అన్నాడు గర్వంగా. నలుగురూ నవ్వారు. నాన్న పూజ పనులు చూసుకోవాలని మా కంటే ముందుగా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

అమ్మ గుమ్మం వెనక నిలబడి అంతా విన్నది. నేను ఆవిడ మొహం చూశాను. ఉతుకు రానిదాన్నని లైనంతా తెలిసేలా చేయడానికే ఆయన అలా వేసుకుని కూర్చున్నాడని ఆవిడ అనుకుంది. "సూసేవా, ఎలా సేసేడో" అంది నాతో, చాలా మెల్లగా.

పెరట్లో నీలం నీళ్ళు ఇంకా ఉన్నాయి. అమ్మ పెట్టె తెరిచి తన తెల్ల వాయిలు చీర తీసింది. ఎర్ర అంచుది, బెంగాలీ వాళ్ళని చూసి ముచ్చటపడి కొనుక్కున్నది, పూజకి తప్ప కట్టదు. దాన్ని తీసుకెళ్ళి బకెట్‌లో ముంచేసింది. నా గౌను ముంచింది, తమ్ముడి చొక్కా ముంచింది. "అమ్మీ, మీ నాన్నకి ఇదే తెలుపైతే మనకీ ఇదే తెలుపు" అంది. తమ్ముడు ఏడుస్తూ, "మై నహీ పెహ్నూంగా" అన్నాడు. వాడికీ వేసింది. ఎండలో కాసేపు ఆరేసి, సగం తడితోనే కట్టుకుని బయల్దేరాం. మిగతా తడి దారిలో మా ఒంటి మీదే ఆరింది. అమ్మ తలెత్తుకుని నడిచింది. కోపంతో చేసిందో, నాన్న ఒక్కడే నలుగురిలో నవ్వులపాలు కాకూడదని చేసిందో, ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. రెండూ ఉండి ఉంటాయి.

షెడ్డు దగ్గర డప్పులు, ధూపం, పెద్ద గుండిగలో ఉడుకుతున్న కిచిడీ వాసన. పైన ఆకాశం నిండా గాలిపటాలు. ఆ ఆకాశమంత నీలం ఆ ఊళ్ళో ఏడాదికి ఒకటి రెండు సార్లే కనిపించేది, దాని కింద మేం నలుగురం అదే రంగులో నిలబడ్డాం. నాన్నతో పని చేసే బీహారీ ఆయన చూసి, "క్యా బాత్ హై, పూరా పరివార్ ఆస్మానీ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాన్న కూడా వాళ్ళతో నవ్వి, మా వైపు తిరిగి అమ్మను తేరిపార చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహం విచ్చుకుంది.

"ఇదిగో, ఇయ్యాల బట్టలు బట్టల్లాగున్నాయి. ఎంత తెలుపో సూడు. ఎన్నాళ్ళకి సేసేవే" అన్నాడు.

నవ్వులు ఇంకా పెరిగాయి. అమ్మ ప్రసాదం ముట్టుకోలేదు. నా చేతిలో బూందీ పొట్లం పెట్టి, మా కంటే ముందే ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాన్న బట్టలు చాకలికి వెళ్ళాయి. "అన్నం పెట్టేనని మీ నాన్నకి సెప్పు" అని అమ్మ నాతో అనేది, ఆయన పక్కనే కూర్చుని ఉండగా. ఒకనాడు నాన్న నన్ను సైకిలు ముందు ఎక్కించుకుని బజారుకి తీసుకెళుతూ, "మెచ్చుకుంటే కోపమేటే మీ అమ్మకి?" అని అడిగాడు. అది వేళాకోళం కాదని అప్పుడు కూడా నాకు తెలీలేదు. నువ్వే అడుగు నాన్నా అన్నాను. ఆయన అడిగాడో లేదో. రోజులు గడిచాయి, జ్వరాలు వచ్చాయి, బంధువులు వచ్చారు, మాటలు కలిశాయి. కానీ అమ్మ ఇంకెప్పుడూ ఒక బట్ట తీసి, బాగుందా అని ఆయనకి చూపించలేదు. నీలిమందు మూట తిప్పడానికి నన్ను పిలవడం కూడా మానేసింది.

నాన్న కళ్ళకి పొర పట్టిందని బయటపడింది చాలా తర్వాత, గేటు దగ్గర ఎదురొచ్చిన సైకిలుని గుద్దుకున్నాక. ఫర్నేస్ మీద పని చేసేవాళ్ళలో చాలామందికి ఇది వస్తుందని డాక్టరు అన్నాడట. పొర పండాక గానీ తియ్యకూడదని ఆ రోజుల్లో అనేవాళ్ళు. నాన్నను ఫర్నేస్ నుంచి తప్పించి పనిముట్లు ఇచ్చే గదిలో కూర్చోబెట్టారు. పొర పండేలోగా ఒక వానాకాలం జ్వరంలో అమ్మ పోయింది. కళ్ళకీ బట్టలకీ ముడిపెట్టాలని మా ఎవరికీ తట్టలేదు. అప్పటికి బట్టల గొడవ ఎప్పటి మాటో.

నాన్నకి ఆపరేషన్ అయి, కట్టు విప్పింది ఒక చలికాలంలో. పొగ ఇళ్ళ మీదికి దిగి, మధ్యాహ్నం కూడా ఆకాశం బూడిద రంగులో ఉండే రోజులు. సీసా అడుగుల్లాంటి కళ్ళద్దాలు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి తలెత్తాడు. "ఏటే ఇంత నీలం" అన్నాడు. మాకు పొగ తప్ప ఏమీ కనబడలేదు. పాపం కొత్త కళ్ళు కదా అనుకున్నాం.

తర్వాత లోపలికి వెళ్ళి అమ్మ పెట్టె తెరిచాడు. అమ్మ ఉతికి, కలరా ఉండలు వేసి దాచిన తన పాత పంచె ఒకటి తీశాడు. గుమ్మంలోకి తెచ్చి, అమ్మ చూసినట్టే వెలుతురుకి పట్టుకుని చూశాడు. "తెల్లగానే ఉన్నాదే" అన్నాడు. నేను అవునన్నాను. అందులో ఆశ్చర్యం ఏముంది అనుకున్నాను. మళ్ళీ వెళ్ళి వాయిలు చీర తెచ్చాడు.

"ఇదెవరిదే? మీ అమ్మకి నీలం సీర ఎప్పుడుండేది?"

"అది తెల్లదే నాన్నా. ఆ పూజ నాడు నీలిమందులో ముంచి కట్టుకుంది కదా. నువ్వు కూడా చూశావు" అన్నాను.

నాన్న కూర్చుండిపోయాడు. చీర ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం సైరన్ మోగేదాకా అక్కడే ఉన్నాడు. "మీ అమ్మ" అని ఒకసారి మొదలుపెట్టి ఆపేశాడు. అమ్మ గుర్తొచ్చి బెంగ పడుతున్నాడనుకుని నేను టీ తెచ్చి పక్కన పెట్టాను. ఆ మాట ఆయన ఆ తర్వాత పూర్తి చేయలేదు. ఉన్నన్నాళ్ళూ తన బట్టలు తనే ఉతుక్కున్నాడు, నీలిమందు మాత్రం ఇంట్లోకి రానివ్వలేదు. ముసలితనపు చాదస్తం అనుకున్నాం.

ఆ చీర ఇప్పుడు నా దగ్గర ఉంది. అమ్మ కట్టిన ఆ రోజు తర్వాత అది నీళ్ళు చూడలేదు. నిన్న దాన్ని డాబా మీదికి తీసుకెళ్ళి ఎండలో పరిచాను. కుడి కంటితో చూస్తే పైన ఉన్న రంగే కిందా ఉంది. కుడి కన్ను మూశాను. తెల్లవన్నీ పసుపుగా చూపించే నా ఎడమ కంటికి ఆ చీర తెల్లగా ఉంది. ఎంతో శ్రద్ధగా ఉతికి ఆరేసిన చీరలా ఉంది. ఆ షెడ్డు దగ్గర, అందరి మధ్యా, నాన్న అమ్మను నిజంగానే మెచ్చుకున్నాడు. అది అమ్మకి చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, అమ్మ మాత్రం అన్నేళ్ళు లేదు.

ఎడమ కంటికి వచ్చే నెలలో చేస్తామని ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. కొన్నాళ్ళు ఆగుతానన్నాను. కోడలికి కోపం వచ్చింది, మళ్ళీ హిందీ అందుకుంది. ఆ కోపం న్యాయమే. కానీ ఈ కన్ను కూడా బాగైపోతే ఆ చీర ఇక నీలమే కదా.